క్లైబర్ ఐదో సింఫనీ: యాభై ఏళ్లు దాటినా ఆ రికార్డింగ్‌కు ఆదరణ ఎందుకు తగ్గలేదు?

సంక్షిప్తంగా: బేతోవెన్ ఐదో సింఫనీకి లెక్కలేనన్ని రికార్డింగులు ఉన్నా, 1974లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తి) కార్లోస్ క్లైబర్ చేసినదాన్ని శ్రోతలు ఇప్పటికీ ముందు వరసలో పెడతారు. దాని బలం వేగంలో ఉందని చాలామంది నమ్మకం. స్కోరు (సంగీతం రాసిన ప్రతి) పక్కన పెట్టుకుని లెక్క వేస్తే ఆ నమ్మకం నిలవదు. అసలు బలం చిన్న స్వరాల నిడివి మీద ఉన్న పట్టులో ఉంది. వయొలిన్ల అమరిక, వియన్నా వాద్యాలు, హాలు దానికి తోడయ్యాయి. క్లైబర్ అతి తక్కువ రికార్డు చేయడం వల్ల వచ్చిన మోజు కూడా కొంత ఉంది.

2025 మార్చి 8న ఇళయరాజా సింఫనీని లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించినప్పుడు తెలుగు పత్రికల్లోనూ సింఫనీ మాట గట్టిగానే వినబడింది. ఆ ఊపులో ఎవరైనా స్ట్రీమింగ్ యాప్ తెరిచి బేతోవెన్ ఐదో సింఫనీ అని వెతికితే ఎదురయ్యేది ఒక పాట కాదు, పేజీలకొద్దీ జాబితా. రచన ఒకటే, స్వరాలు అవే. మారేది కండక్టర్, ఆర్కెస్ట్రా, సంవత్సరం. వీటిలో ఏది వినాలని అనుభవజ్ఞులను అడిగితే క్లైబర్ పేరు తప్పకుండా వస్తుంది. ఎందుకని అడిగితే మాత్రం “మెరుపు”, “నిప్పు” లాంటి మాటలే తప్ప వివరం దొరకదు.

ఒకే స్కోరు, ఇన్ని రూపాలు

కర్ణాటక సంగీతానికి అలవాటు పడిన శ్రోతకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే కీర్తనను ఇద్దరు పాడితే సంగతులు, నెరవు, కల్పనస్వరాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఇద్దరినీ వినడంలో అర్థముంది. సింఫనీలో మనోధర్మానికి అలాంటి చోటు లేదు. ప్రతి వాద్యం ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా వాయించాలో రాసే ఉంటుంది. అయినా రాతలో పట్టుబడనివి చాలా మిగులుతాయి. కాలప్రమాణం ఎంత, స్వరం మొదలు ఎంత పదునుగా ఉండాలి, పక్కస్వరంతో కలవాలా విడిపోవాలా, “గట్టిగా” అంటే ఎంత గట్టిగా, ఇత్తడి వాద్యాలు తీగ వాద్యాలను ఎంతవరకు కమ్మవచ్చు, ఆపుగుర్తు ఉన్నచోట ఎంతసేపు ఆగాలి? కండక్టర్ పని దాదాపు అంతా ఈ ఖాళీలు నింపడమే.

ఐదో సింఫనీ, సి మైనర్, ఓపస్ 67, మొదటిసారి 1808 డిసెంబర్ 22న వియన్నాలో వినబడింది. ఇందులో నాలుగు భాగాలు. మూడో భాగం ఆగకుండా నేరుగా నాలుగోదానిలోకి ప్రవహిస్తుంది. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆర్థర్ నికిష్ 1913లో చేసిన రికార్డింగ్ ఈ రచనకు తొలితరం రికార్డింగుల్లో ప్రసిద్ధమైనది. అప్పటి 78 స్పీడు ప్లేటుకు ఒక్కో వైపు నాలుగు నిమిషాల పైచిలుకే పట్టేది. అందుకని సింఫనీ ఎనిమిది వైపులకు ముక్కలైంది. 1974 నాటికి ఆ ఇబ్బంది లేదు. రికార్డు కంపెనీ డాయిష్ గ్రామఫోన్ 1975లో ఈ సింఫనీ ఒక్కదాన్నే ఒక ఎల్పీగా విడుదల చేసింది. మొత్తం 33 నిమిషాలు. మొదటి రెండు భాగాలూ ఒక వైపు, చివరి రెండూ రెండో వైపు సర్దితే చెరి 16, 17 నిమిషాలు. గాడులు వెడల్పుగా కోయడానికి చోటు దొరికింది, మూడు, నాలుగు భాగాల మధ్య ప్లేటు తిప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

మొదటి ఐదు బార్లలో ఉన్న ఇరకాటం

సంగీతం తెలియనివారికి కూడా తెలిసిన ఆ నాలుగు స్వరాలు వినడానికి సులువు, వాయించడానికి కష్టం. తాళం 2/4, అంటే ఒక్కో బారు (మన ఆవర్తం లాంటి తాళపు కొలత) రెండు లెక్కలది. వేగం వల్ల కండక్టర్ బారుకు ఒక్క దెబ్బే వేస్తాడు. ఒక దెబ్బలో నాలుగు చిన్న స్వరాలకు చోటుంది. బేతోవెన్ మొదటిదాన్ని ఖాళీగా వదిలి తక్కిన మూడింటిలో జి స్వరం పెట్టాడు. తర్వాతి దెబ్బ మీద ఇ ఫ్లాట్ పడి ఆగుతుంది. మన లెక్కలో ఇది అనాగత ఎత్తుగడ. చతురస్ర నడకలో “తకధిమి” అనుకుంటే, “త” మౌనం, వినబడేది “కధిమి”, మళ్లీ “త” మీద పొడుగు స్వరం.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఆ మౌనమైన “త”ను ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి లోపల అనుకోకపోతే మూడు స్వరాలూ దెబ్బ మీదే మొదలైనట్టు వినబడతాయి. “కధిమి” కాస్తా “తకిట” అయిపోతుంది. చతురస్రం తిస్రంగా మారుతుంది. పేరున్న ఆర్కెస్ట్రాల రికార్డింగుల్లో కూడా ఈ జారుడు వినవచ్చు. దీన్ని తప్పించుకోవడానికి కొందరు మొదటి నాలుగు స్వరాలను నెమ్మదిగా, ఒక ప్రకటనలా వాయించి, ఆరో బారు నుంచి అసలు వేగం అందుకుంటారు. వినడానికి గంభీరంగానే ఉంటుంది. కానీ మొదటి భాగం అంతా ఆ నాలుగు స్వరాల ఇటుకతోనే కట్టింది కాబట్టి, ముఖద్వారంలో ఒక కొలత, గోడల్లో ఇంకో కొలత అయినట్టవుతుంది.

క్లైబర్ ఈ రాయితీ తీసుకోలేదు. మొదటి జి స్వరమే అసలు వేగంలో ఉంటుంది. మూడు స్వరాలూ సమానంగా, విడివిడిగా, మొదటిదాని ముందున్న మౌనం కూడా తెలిసేలా పడతాయి. ఇంకో సూక్ష్మం ఉంది. మొదటి ఆపు ఒక బారు స్వరం మీద, రెండో ఆపు రెండు బార్లు కలిపిన స్వరం మీద రాసి ఉంది. అంటే రెండోది పొడుగ్గా ఉండాలి. ఈ తేడా పాటించారా లేదా అన్నది ఏ రికార్డింగ్‌నైనా పదిహేను సెకన్లలో తూచే మంచి పరీక్ష. అలాగే ఈ ఎత్తుగడలో వాయించేది తీగ వాద్యాలు, క్లారినెట్లు మాత్రమే. మొత్తం ఆర్కెస్ట్రా విరుచుకుపడినట్టు అనిపించినా అది రాతలో లేదు.

లయ విషయంలో క్లైబర్ పట్టుదలకు మరో సాక్ష్యం 1982 డిసెంబర్ నాటిది. ఇదే వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో బేతోవెన్ నాలుగో సింఫనీ రిహార్సల్. రెండో భాగంలో వచ్చే తోడు లయను “తెరేజ్” అన్న పేరు పలికినట్టు వాయించమన్నాడు. వాళ్లు వాయించింది తనకు “మారీ” అన్న పేరులా వినిపిస్తోందన్నాడు. మాటా మాటా పెరిగి, కచేరీలు వదిలేసి వెళ్లిపోయాడు. దీన్ని విచిత్ర స్వభావానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. నిజానికి గొడవ ఒక చిన్న స్వరం ఎంత చిన్నదిగా ఉండాలన్న దాని మీద. ఐదో సింఫనీ రికార్డింగ్‌లో శ్రోతలు మెచ్చుకునే గుణం కూడా అదే.

వేగం: చెవి చెప్పేది, గడియారం చెప్పేది

ఈ రికార్డింగ్ గురించి తరచూ వినబడే మాట, ఇది చాలా వేగంగా సాగుతుందని. లెక్క చూద్దాం. బేతోవెన్ 1817లో తన మొదటి ఎనిమిది సింఫనీలకు మెట్రోనోమ్ (వేగం కొలిచే పరికరం) అంకెలు ప్రకటించాడు. ఐదోదాని మొదటి భాగానికి ఇచ్చిన అంకె 108, అంటే నిమిషానికి 108 బార్లు. ఈ భాగంలో 502 బార్లున్నాయి. మొదటి 124 బార్లు తిరిగి వాయించాలి కాబట్టి మొత్తం 626. వాటికి పట్టేది 5 నిమిషాల 48 సెకన్లు. ఆపులకు, మధ్యలో ఓబో (సన్నాయి జాతి వాద్యం) ఒంటరిగా వాయించే చోటుకు అరనిమిషం కలిపినా 6 నిమిషాల 20 సెకన్లు దాటదు.

క్లైబర్ ఆ పునరావృత్తి వాయిస్తాడు. అతనికి పట్టింది 7 నిమిషాల 20 సెకన్ల పైచిలుకు. ఆపులు తీసేస్తే సగటున నిమిషానికి సుమారు 90 బార్లు. అంటే బేతోవెన్ అడిగినదానికంటే ఆరో వంతు తక్కువ. రెండో భాగంలో తేడా ఇంకా ఎక్కువ. 247 బార్లు, బారుకు మూడు చిన్న లెక్కలు, నిమిషానికి 92 లెక్కల చొప్పున 8 నిమిషాల్లో అయిపోవాలి. క్లైబర్ దాదాపు 10 నిమిషాలు తీసుకుంటాడు. మూడో భాగం కూడా అంకె కంటే నెమ్మదే. 1980ల చివర లండన్ క్లాసికల్ ప్లేయర్స్‌తో రోజర్ నారింగ్టన్, 1990లలో జాన్ ఎలియట్ గార్డినర్ ఆ అంకెలకు బాగా దగ్గరగా వెళ్లారు. గడియారం పట్టుకుంటే క్లైబర్ వాళ్ల వెనకే ఉంటాడు.

మరి చెవికి పరుగులా ఎందుకు వినబడుతుంది? మూడు కారణాలు ఒకదానిమీద ఒకటి పనిచేస్తాయి. మొదటిది పైన చెప్పిన పొట్టి స్వరాలు. స్వరానికీ స్వరానికీ మధ్య గాలి ఉంటే అదే కాలప్రమాణం చురుగ్గా తోస్తుంది, స్వరాలు ఒకదానికొకటి అంటుకుంటే బరువెక్కుతుంది. రెండోది, హార్న్ (కొమ్ము వాద్యం) పిలుపు తర్వాత 63వ బారులో వచ్చే మెత్తని రాగభాగం. పాత జర్మన్ సంప్రదాయంలో ఇక్కడ కాస్త నెమ్మదించి, తర్వాత మళ్లీ పుంజుకోవడం అలవాటు. క్లైబర్ దాదాపు అదే నడకలో దాటిపోతాడు. కింద సెల్లోలు, బేసులు నాలుగు స్వరాల లయను గొణుగుతూనే ఉండటం అందువల్ల తెలుస్తుంది. మూడోది, ఆపుల తర్వాత తిరిగి మొదలుపెట్టే తీరు. ఆపు ముగిసీ ముగియగానే తర్వాతి మూడు స్వరాలు పదునుగా అందుకుంటాయి, మధ్యలో సర్దుకునే వ్యవధి ఉండదు. వేగం పెంచితే ఈ ప్రభావం దానంతట అది రాదు. చాలామంది అనుకరించబోయి బోల్తా పడింది ఇక్కడే. నిమిషానికి పది బార్లు పెంచారు, స్వరాలు నలిగిపోయాయి.

ఎవరు ఎక్కడ కూర్చున్నారు

నేటి ఆర్కెస్ట్రాల్లో మొదటి, రెండో వయొలిన్లు రెండూ ఎడమవైపే పక్కపక్కన కూర్చోవడం మామూలు. క్లైబర్ రెండో వయొలిన్లను కుడివైపుకు, మొదటివాటికి ఎదురుగా పెట్టాడు. ఇది 19వ శతాబ్దపు పద్ధతి. కండక్టరైన అతని తండ్రి ఎరిక్ క్లైబర్ కూడా ఇలాగే పెట్టేవాడు. బేతోవెన్ రాసింది ఈ అమరికను మనసులో పెట్టుకునే. ఆరో బారు నుంచి చూస్తే నాలుగు స్వరాల ముక్క రెండో వయొలిన్ల నుంచి వయోలాలకు, అక్కడి నుంచి మొదటి వయొలిన్లకు చేతులు మారుతుంది. రెండు వయొలిన్ బృందాలూ ఒకేవైపు ఉంటే ఇదంతా ఒకే గొంతులా వినబడుతుంది. చెరోవైపు ఉంటే ఆ ముక్క వేదిక మీద అటూ ఇటూ దూకుతుంది. హెడ్‌ఫోన్లలో ఇది మరీ స్పష్టం. రెండో వయొలిన్ల వాద్యం ముఖం వెనక్కి తిరిగి ఉండటంతో వాళ్ల ధ్వని కొంచెం తగ్గడం దీని లోపం. వాళ్లు కొంత ఎక్కువ బలంతో వాయించాలి.

వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యాలు వేరే కథ. 1842లో మొదలైన ఈ ఆర్కెస్ట్రా ప్రపంచమంతా వదిలేసిన కొన్ని వాద్యాలను అంటిపెట్టుకుని ఉంది. వియన్నా ఓబో ధ్వని మామూలు ఓబో కంటే సన్నగా, కొంచెం గరుకుగా ఉంటుంది. 268వ బారులో అన్నీ ఆగిపోయి ఓబో ఒంటరిగా వాయించే చిన్న వాక్యం వినండి, తేడా తెలుస్తుంది. వియన్నా హార్న్‌కు సన్నటి గొట్టం, పాతకాలపు పిస్టన్ వాల్వులు. జారే ప్రమాదం ఎక్కువ, కానీ గట్టిగా ఊదినప్పుడు ఇత్తడి మెరుపు వస్తుంది. మధ్యస్థాయి ‘A’ స్వరాన్ని మామూలు 440 హెర్ట్‌జ్ కాకుండా సుమారు 443కు శ్రుతి చేస్తారు. టింపనీలకు (శ్రుతి చేసే పెద్ద డోళ్లకు) మేకతోలు వాడతారు.

రికార్డింగ్ జరిగిన చోటు వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ పెద్ద హాలు. 1870లో కట్టింది. పొడవు 49 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 19 మీటర్లు, ఎత్తు 18 మీటర్ల లోపు. ఇరుకుగా, ఎత్తుగా ఉండే పెట్టె ఆకారం. జనం నిండినప్పుడు ధ్వని దాదాపు రెండు సెకన్లు నిలుస్తుంది, ఖాళీగా ఉంటే అంతకంటే బాగా ఎక్కువ. 1974 మార్చి, ఏప్రిల్‌లలో జరిగిన సెషన్లు స్టూడియో పద్ధతివి, ప్రేక్షకులు లేరు. అంత ప్రతిధ్వనిలో ఇంత విడివిడి స్వరాలు వినబడాలంటే వాద్యకారులు మామూలు కంటే పొట్టిగా వాయించాలి. వింటే మైకులు దగ్గరగా పెట్టి ప్రతిధ్వనిని అదుపు చేసినట్టు అనిపిస్తుంది. ధ్వనిలో కనిపించే కొంత కరుకుదనానికి అదొక కారణం కావచ్చు.

టింపనీ ఒక్కటే మిగిలినప్పుడు

రికార్డింగ్ మొత్తంలో అసలు పరీక్ష మూడో భాగం చివర ఉంది. తీగ వాద్యాలు అతి మెల్లగా ఒక స్వరం పట్టుకుని ఉంటాయి. కింద టింపనీ సి స్వరాన్ని, అదే పాత లయలో, మెల్లగా కొడుతూ ఉంటుంది. ఇలా దాదాపు 50 బార్లు. ధ్వని పెంచమని బేతోవెన్ రాసింది చివరి ఎనిమిది బార్ల దగ్గరే. ఆ వెంటనే నాలుగో భాగం సి మేజర్‌లో విరుచుకుపడుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న మూడు ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ మొదటిసారి కలుస్తాయి.

సాధారణంగా జరిగే తప్పు, ధ్వనిని ముందే పెంచేయడం. వాద్యకారులకు రాబోయేది తెలుసు కాబట్టి ఇరవై బార్ల ముందు నుంచే లేవడం మొదలవుతుంది, తీరా శిఖరం దగ్గర ఇంకా ఎక్కడానికి మిగలదు. క్లైబర్ వాళ్లను చివరిదాకా కిందే పట్టి ఉంచుతాడు. తర్వాత వచ్చే ముగింపు భాగంలో పునరావృత్తి కూడా వదలడు. ఆ భాగం ఒక్కటే 11 నిమిషాలకు దగ్గరపడటానికి కారణం అదే. అంతకు ముందు తరం వాళ్లు చాలామంది దాన్ని వదిలేసేవారు. వదిలేస్తే చీకటి నుంచి వెలుగులోకి వచ్చి వెంటనే ఇంటికెళ్లిపోయినట్టుంటుంది.

అరుదుదనం చేసిన పని

శ్రోతల ప్రేమ అంతా సంగీతం వల్లే వచ్చిందనడం అమాయకత్వం. క్లైబర్ 1930లో బెర్లిన్‌లో పుట్టాడు. నాజీల సాంస్కృతిక విధానం నచ్చక తండ్రి 1934లో బెర్లిన్ ఒపెరా పదవి వదిలేశాడు. కుటుంబం తర్వాత దక్షిణ అమెరికా చేరింది. కార్లోస్ జూరిక్‌లో రసాయనశాస్త్రం మొదలుపెట్టి మానేసి సంగీతంలోకి వచ్చాడు. 2004లో చనిపోయేదాకా నడిపిన సింఫనీ కచేరీలు వందలోపే. స్టూడియోలో రికార్డు చేసిన సింఫనీలు బేతోవెన్ ఐదు, ఏడు, షూబర్ట్ మూడు, ఎనిమిది, బ్రామ్స్ నాలుగు, అంతే. ఇంటర్వ్యూలు ఇచ్చేవాడు కాదు. అడిగినన్ని రిహార్సళ్లు ఇవ్వకపోతే వచ్చేవాడు కాదు.

దీని ఫలితం రెండు రకాలు. ఒకటి నిజమైనది: ఒక రచన మీద అంత సమయం పెట్టడం వల్ల పని నాణ్యత పెరిగింది. రెండోది అంగడి లెక్క. కండక్టర్ కరాయన్ బేతోవెన్ సింఫనీలన్నిటినీ పదేపదే రికార్డు చేశాడు. ఏది మేలో తేల్చుకోవడమే శ్రోతకు పని. క్లైబర్ విషయంలో ఎంపిక లేదు, ఉన్నది ఒక్కటే. 1990ల మధ్యలో ఐదు, ఏడు సింఫనీలను ఒకే సీడీలో కలిపి “ది ఒరిజినల్స్” వరుసలో తేవడంతో కొత్తవాళ్లకు సిఫారసు చేయడం మరీ తేలికైంది. 2011లో బీబీసీ మ్యూజిక్ మ్యాగజైన్ వంద మంది కండక్టర్లను అడిగితే మొదటి స్థానం క్లైబర్‌కే దక్కింది. ఓటేసింది అదే వృత్తివాళ్లు కాబట్టి దానికి విలువ ఉంది. అయినా తక్కువ రికార్డు చేసినవాడికి చెడ్డ రికార్డింగులు తక్కువగానే ఉంటాయన్నది మరిచిపోకూడదు.

వీరాభిమానులు దాటేసే విషయాలు కొన్ని ఉన్నాయి. రెండో భాగం తక్కినవాటి స్థాయిలో లేదన్న వాదనలో పస ఉంది. స్వరాలు అందంగా ఉన్నా, రాసిన నడక కంటే నెమ్మదించడంతో తూర్యధ్వానాల చోట్ల ఊపు తగ్గుతుంది. జొనాథన్ డెల్ మార్ అనే పండితుడు స్కోరును పరిష్కరించి తెచ్చిన బేరన్‌రైటర్ ప్రతి 1990లలో గానీ రాలేదు కాబట్టి ఇక్కడ వాడింది పాత ప్రతి. 1947 మేలో బెర్లిన్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నడిపిన కచేరీ రికార్డింగ్ వింటే పూర్తిగా వేరే దారి కనిపిస్తుంది. అక్కడ కాలప్రమాణం ఊపిరిలా సాగుతూ బిగుస్తూ ఉంటుంది, ఆర్కెస్ట్రా అక్కడక్కడ చెదురుతుంది కూడా. తీవ్రతలో అది క్లైబర్‌కు తీసిపోదు. తండ్రి ఎరిక్ 1953లో కన్సెర్ట్‌హెబావ్ ఆర్కెస్ట్రాతో డెక్కా కంపెనీకి చేసిన మోనో రికార్డింగ్ కూడా పక్కన పెట్టుకుని వినాల్సిందే. కొడుకు పద్ధతిలో ఎంత భాగం వారసత్వమో అప్పుడు తెలుస్తుంది.

వినేటప్పుడు చెడగొట్టేవి

స్ట్రీమింగ్‌లో మొదట చూడాల్సింది గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్. మూడు, నాలుగు భాగాలు వేర్వేరు ట్రాకులుగా ఉంటాయి. మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా 50 బార్ల బిగువు అక్కడే తెగిపోతుంది. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఇంకా ఘోరం, ముగింపు భాగం మొదటి గర్జన టింపనీ మీద మసకగా పరుచుకుంటుంది. క్రాస్‌ఫేడ్ సున్నా చేసి, షఫుల్ ఆపాలి. ఉచిత ఖాతాలో అదే చోట ప్రకటన దూరే అవకాశమూ ఉంది.

వాల్యూమ్‌ను మొదటి నాలుగు స్వరాలకు సరిపెట్టుకోవడం మామూలు పొరపాటు. అవి గట్టివి కాబట్టి తగ్గించి పెట్టుకుంటాం, తీరా టింపనీ చోట ఏమీ వినబడదు. మూడో భాగం చివరి నిమిషం ముందుగా ఒకసారి పెట్టి, టింపనీ స్పష్టంగా వినబడేలా సర్దుకుని, అప్పుడు మొదటి నుంచి వినాలి. బస్సులో, ట్రాఫిక్‌లో ఇది సాధ్యం కాదు. ఫోను స్పీకర్‌లో సెల్లోలు, బేసుల అడుగు దాదాపు మాయమవుతుంది. మూడో భాగం మధ్యలో బేసులు ముందుండి ఉరికే చోట ఏం జరుగుతోందో అర్థం కాదు.

రికార్డింగ్ ఎంచుకునేటప్పుడు శీర్షికలో వియన్నా ఫిల్‌హార్మోనిక్, డాయిష్ గ్రామఫోన్ పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. ఎల్పీ ప్రియులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. డాయిష్ గ్రామఫోన్ 2023లో మొదలుపెట్టిన “ఒరిజినల్ సోర్స్” వరుసలో 1970ల రికార్డింగులను అసలు 4 ట్రాకుల టేపుల నుంచి, డిజిటల్ దశ లేకుండా, ఎమిల్ బెర్లినర్ స్టూడియోస్‌లో కొత్తగా కోసి ఇస్తున్నారు. పాత ప్రెస్సింగుల్లో ఉన్న కరుకుదనం ఎంతవరకు టేపుది, ఎంతవరకు తర్వాతి దశలది అన్నది వీటితో పోల్చుకోవచ్చు.

రెండు మూడు రికార్డింగులు పోల్చి వినేవారు 303వ బారు దగ్గర ఆగాలి. మొదటిసారి, 59వ బారులో, హార్న్లు బిగ్గరగా పిలుపునిస్తాయి. అదే పిలుపు రెండోసారి సి మేజర్‌లో రావాలి. బేతోవెన్ కాలపు వాల్వులు లేని ఇ ఫ్లాట్ హార్న్లకు ఆ స్వరాలు అందవు కాబట్టి బసూన్లకు ఇచ్చాడు. 20వ శతాబ్దపు కండక్టర్లు చాలామంది, ఇప్పుడు వాల్వులున్నాయి కదా అని, దాన్ని మళ్లీ హార్న్లకే అప్పగించారు. పాత వాద్యాలతో వాయించే బృందాలు బసూన్లనే ఉంచుతాయి. మొదటి భాగం దాదాపు రెండొంతులు గడిచాక వచ్చే ఈ నాలుగు బార్లు ఎవరి నోట వినబడుతున్నాయో గుర్తుపట్టగలిగితే, ఆ కండక్టర్ స్కోరును ఏ వైపు నుంచి చదువుతున్నాడో అక్కడే తెలిసిపోతుంది.